చోటుందా అని కాదు, ఎందరని అడుగుదాం

సెలవులు రాగానే ఇల్లందు నుంచి పాపికొండల విహారానికి బయలుదేరే కుటుంబాలు అనేకం. భద్రాచలంలో టికెట్లు తీసుకుని, పోచవరం రేవులో లాంచీ ఎక్కుతాము. టికెట్టు దొరికితే చాలనుకుంటాము. లాంచీ ఎంత నిండనున్నదో విచారించము.

2019 సెప్టెంబర్ 15న, గోదావరి వరద మీద ఉండగా, దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద 77 మందితో వెళ్తున్న బోటు మునిగిపోయింది. ప్రాణాలతో ఒడ్డు చేరినవారు 26 మందే. ఆ ఆదివారాన్ని మనం మరువరాదు.

‘మాకు చోటుందా?’ అని అడిగితే ‘ఉంది, రండి’ అనే జవాబే వస్తుంది. కనుక మూడు ప్రశ్నలు అడగాలి: లాంచీకి అనుమతి ఎందరికి? ఇప్పటికి ఎన్ని టికెట్లు పోయాయి? పిల్లలకు సరిపోయేవి సహా లైఫ్ జాకెట్లు ఎన్ని ఉన్నాయి? ప్రయాణానికి ముందురోజు మళ్లీ అడగాలి. ఆదివారాలలో, కార్తీక మాసంలో రద్దీ అధికం. వృద్ధులు, పసిపిల్లలు వెంట ఉంటే వారం మధ్యలో వెళ్లడం మేలు. నమాజుకు కాస్త చోటూ దొరుకుతుంది.

రేవులో తలలు లెక్కించండి. లెక్క మించినా, నది పోటెత్తినా వెనుదిరగండి. పోయిన టికెట్టు సొమ్మును మళ్లీ సంపాదించుకోగలము.