ఇందులో మనిషి ఏడీ?

గుడిమల్కాపూర్ మార్కెట్టులో పూలు తూకానికి అమ్ముతారు. ఆ పూలే పెళ్ళిపందిరికీ పోతాయి, పాడెకూ పోతాయి. మా నాయన తెల్లవారకముందే అక్కడ కొని, మాల కట్టి, మూరల లెక్కన అమ్మేవాడు. పోయినేడు ఆయన పోయాడు. తెలుగు ఎం.ఏ. చదువుతున్నవాణ్ణి కదా, నేనొక స్మృతిగీతం రాశాను. కన్నీటి సంద్రం, ఆరిన దీపం, రాలిన పువ్వు అన్నీ పెట్టాను. అమ్మకు చదివి వినిపించాను. అంతా విని, "మంచిగనే ఉంది బిడ్డా. గని ఇండ్ల మీ నాయిన ఏడున్నడు?" అంది.

ఆ ప్రశ్న నా ఒక్కడిదే కాదనుకుంటాను. మన సంతాప సభల్లో ఎవరు పోయినా "తీరని లోటే". పేరు మారిస్తే చాలు, ఆ గీతం ఇంకొకరికి సరిపోతుంది. అలా సరిపోయేది స్మృతిగీతం ఎలా అవుతుంది?

1937లో కన్నుమూసిన మిత్రుడు కొంపెల్ల జనార్దనరావుకు శ్రీశ్రీ 'మహాప్రస్థానా'న్ని అంకితమిచ్చాడు. 1950లో అది పుస్తకంగా వచ్చింది. ఆ అంకిత గీతంలో ఆయన నేస్తాన్ని ఎదుట నిలుపుకుని మాట్లాడతాడు, అతణ్ణి పట్టించుకోని లోకం మీద మండిపడతాడు. విశ్వనాథ 'వరలక్ష్మీ త్రిశతి'లో భార్య పేరు కావ్యం పేరులోనే ఉంది.

సొంత గోడు లోకానికెందుకు అనేవారున్నారు. వాళ్ళు మన పాతబస్తీలో మొహర్రం నాడు మర్సియా వినాలి. 1871లో మీర్ అనీస్ అంతటివాడు హైదరాబాదు వచ్చి మర్సియాలు చదివాడు. 680లో కర్బలాలో జరిగిన మరణాలకు ఈనాటికీ జనం ఏడుస్తారు. ఎందుకు? అందులో పేర్లున్నాయి, పిల్లల దాహముంది, గుడారాల్లో తల్లులున్నారు. ఒక్క మనిషి స్పష్టంగా కనబడితేనే, వినేవాడికి తన మనిషి గుర్తొస్తాడు.

నేను మళ్ళీ రాశాను. ఈసారి నాలుగే పంక్తులు. మూర కొలిచాక కత్తిరించకుండా, ఇంకో జానెడు వదిలే మా నాయన చెయ్యి, అంతే. అమ్మ ఏమీ అడగలేదు. కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

మిత్రులారా, మీ స్మృతిగీతాన్ని అచ్చుకిచ్చే ముందు ఇంట్లోవాళ్ళకు వినిపించండి. వాళ్ళు పోయిన మనిషిని గుర్తుపడితేనే ఇవ్వండి.