మీటరు లెక్క మన చేతికి రావాలి

వంద వాట్ల బల్బు రోజుకు పది గంటలు వెలిగితే నెలకు ఎన్ని యూనిట్లు? పదో తరగతిలో ఈ లెక్క చేయనివాళ్లు మన హాస్టల్లో ఉండరు. వాట్లను గంటలతో హెచ్చించి వెయ్యితో భాగిస్తే రోజుకు ఒక యూనిట్, నెలకు 30. మార్కులు పడతాయి. ఇంటికొచ్చే బిల్లు కాగితం మీద ఉండేది ఈ లెక్కేనని మాత్రం ఏ పాఠమూ చెప్పదు. మన ఇళ్లలో ఆ కాగితం చదవగలిగిన మొదటి తరం మనమే కాబట్టి, ఈ పని మనదేనని మా అభిప్రాయం.

తెలంగాణలో 2024లో గృహజ్యోతి వచ్చింది. నెలకు 200 యూనిట్ల వరకు అర్హులైన ఇళ్లకు బిల్లు లేదు. దాటితే మొత్తం బిల్లు కట్టాలి. అంటే రోజుకు ఆరున్నర యూనిట్లు మన హద్దు. 75 వాట్ల ఫ్యాన్లు రెండు పది గంటలు తిరిగితే ఒకటిన్నర యూనిట్. మూడు ఎల్‌ఈడీ బల్బులు, టీవీ కలిపి అర యూనిట్ కూడా కావు. చిన్న ఫ్రిజ్‌కు ఇంకో అర యూనిట్. నెలకు 75 దగ్గర తేలుతుంది, భయం లేదు. కానీ అన్నదమ్ములిద్దరూ ఒకే మీటరు మీద ఉన్న ఇంట్లో ఎండాకాలం 180 వాట్ల కూలర్లు రెండు పన్నెండేసి గంటలు, అవే ఫ్యాన్లు ఇరవై గంటలు తిరిగితే నెలకు 250 అవుతుంది. రెండు సంసారాలకు ఒకే హద్దు పెట్టడం న్యాయం కాదని మేము అనుకుంటున్నాం. ఆ మాట గట్టిగా అడగాలన్నా ముందు లెక్క చేతిలో ఉండాలి కదా!

లెక్కలో కొన్ని మెలికలున్నాయి. ఫ్రిజ్ వాట్లను 24 గంటలతో హెచ్చించకూడదు, దాని కంప్రెసర్ ఆగి ఆగి నడుస్తుంది. స్టార్ లేబుల్ మీద సంవత్సరానికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది, దాన్ని 365తో భాగిస్తే చాలు. జీరో బల్బు పేరుకే జీరో, పాత రకమైతే 12 నుంచి 15 వాట్లు తాగుతుంది. నీళ్ల హీటరు రాడ్డు సంగతి మరీ ముఖ్యం. ఇరవై లీటర్ల బకెట్‌ను పాతిక డిగ్రీలు వేడి చేయడానికి దాదాపు 0.6 యూనిట్ పడుతుంది. రోజుకు అయిదు బకెట్లంటే నెలకు 90 యూనిట్లు. చలికాలం బిల్లు పెరిగిందంటే మీటరును తిట్టే ముందు రాడ్డు వైపు చూడాలి.

మీటరు మీద అనుమానముంటే అదీ తేల్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్ మీటరులో ఎర్రదీపం మిణుకుమంటుంది. యూనిట్‌కు 3200 మిణుకులని దాని మీద రాసి ఉంటే, నిమిషానికి 16 వస్తే ఇల్లు 300 వాట్లు వాడుతున్నట్టు. అన్నీ ఆపాక కూడా దీపం మిణుకుతుంటే వైరింగ్ చూపించాల్సిందే.

ఇక హాస్టల్ మాట. బిల్లు ఎక్కువొస్తే ఏ హాస్టల్లోనైనా మొదటి నింద పిల్లల సెల్ ఛార్జర్ల మీద పడుతుంది. ఒక యూనిట్‌తో ఫోను నలభైసార్లు నిండుతుంది. అయిదు హెచ్‌పీ మోటారు ఆపేవాళ్లు లేక ట్యాంకు అరగంట పొంగితే పోయేది దాదాపు రెండు యూనిట్లు, అంటే ఎనభై ఛార్జింగులు! ఇరవై పాత ఫ్యాన్లు పన్నెండు గంటలు తిరిగితే 18 యూనిట్లు, బీఎల్‌డీసీ ఫ్యాన్లయితే ఏడు చిల్లర. ఛార్జర్లు గుంజుకోవడం సులువు, ఫ్యాన్లు మార్చడానికి డబ్బు కావాలి, తేడా అంతే.

అందుకే హాస్టల్ కమిటీని మేము అడిగేది రెండే. ట్యాంకుకు ఫ్లోట్ స్విచ్ పెట్టించండి. మీటరు గది తలుపుకు ఒక రిజిస్టరు వేలాడదీసి, రోజూ సాయంత్రం ఆరింటికి రీడింగ్ రాసే పని పదో తరగతి తమ్ముళ్లకు అప్పగించండి. మూడు నెలల అంకెలు చేతికొచ్చాక ఫ్యాన్ల కోసం అర్జీ రాయడానికి మేమే వస్తాం.