ధర్మకర్తలు ఎవరికి జవాబుదారీ?

రాజమహేంద్రవరం కాగితపు మిల్లులోనైనా, భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలోనైనా, భవిష్య నిధి పేరిట కార్మికుని జీతంలోంచి నెలనెలా మినహాయించే 12 శాతం ఎవరి దయాధర్మమూ కాదు. అది అతని వార్ధక్యం కోసం రాజ్యం తన చేతిలో ఉంచుకున్న న్యాసం. 1952లో చట్టరూపం దాల్చిన ఈ నిధికి పాలకమండలిని ఏర్పరుస్తూ చట్టసభ ఎంచుకున్న పేరు ‘ధర్మకర్తల మండలి’. ఆ పేరుకు తగిన ధర్మం నేడు ఎక్కడుందన్నదే మా ప్రశ్న.

చట్టంలో లోపముందని తప్పించుకునే వీలు లేదు. మినహాయించిన సొమ్మును మరుసటి నెల 15వ తేదీలోగా జమచేయాలి. కాంట్రాక్టరు ఎగవేస్తే అసలు యజమానే రెండు వాటాలూ చెల్లించాలి. కోసుకున్న చందాను కట్టకపోవడం నేరపూరితమైన నమ్మకద్రోహం. ఇంత పదునైన ఆయుధం చేతిలో ఉండి కూడా, కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్త ఖాతా, కొత్త నంబరుతో రొయ్యలు వలిచే ఆడకూలీ తన కష్టార్జితం జాడ తానే వెతుక్కోవలసి వస్తున్నదంటే అది ఉపేక్ష కాక మరేమిటి? ఎవరు కట్టలేదో 16వ తేదీ ఉదయానికే భవిష్య నిధి సంస్థ కంప్యూటర్లకు తెలుసు. జీతం చీటీలో కోత ఉండి పాస్‌బుక్‌లో జమ లేదన్న సంగతి కార్మికునికి మాత్రం పెళ్లికో, వైద్యానికో, పదవీ విరమణకో క్లెయిము పెట్టుకున్న నాడు తెలుస్తున్నది. ఆపైన బకాయి నిర్ధారణ విచారణలు ఏళ్ల తరబడి సాగుతాయి. ఈలోగా కర్మాగారం మూతపడితే వసూలు చేసేదెవరి నుంచి?

దిగువన అలసత్వానికి మూలం ఎగువనే ఉంది. కేంద్ర కార్మిక మంత్రి అధ్యక్షత వహించే ధర్మకర్తల మండలిలో 43 స్థానాలుంటే, శ్రామికుల పక్షాన ఉన్నవి పదే. ఆ పదింటినీ భర్తీ చేసేది, సంఘాలను సంప్రదించిన మీదట, కేంద్ర ప్రభుత్వమే. కోట్లాది చందాదారుల్లో ఒక్కరికీ ఓటు లేదు. 2018లో కుప్పకూలిన ఆర్థిక సంస్థ ఐఎల్‌అండ్‌ఎఫ్‌ఎస్‌ బాండ్లలో ఈ నిధికి చెందిన 500 కోట్ల రూపాయలకు పైగా చిక్కుకున్నప్పుడు, ఆ పెట్టుబడిని ఎవరు, ఏ ప్రాతిపదికన సమ్మతించారని సొమ్ము సొంతదారులు నిలదీసేందుకు చట్టం ఏ వేదికనూ కల్పించలేదు. వార్షిక నివేదిక పార్లమెంటుకు వెళ్తుంది. చందాదారుని గడప తొక్కదు.

సొంతదారునికి గొంతు లేనిచోట ఏం జరుగుతుందో ఈ నిధి చందాదారుల పింఛనే సాక్ష్యం. కనీస పింఛను నెలకు 3,000 రూపాయలైనా ఉండాలని 2013లోనే రాజ్యసభ పిటిషన్ల కమిటీ సిఫారసు చేసింది. 2014 సెప్టెంబరు నుంచి ప్రభుత్వం అమలు చేసింది 1,000. ఆ తరువాత పదేళ్లు గడిచినా దానిపై ఒక్క రూపాయి పెరగలేదు. జీవితకాలం మిల్లులో గడిపిన మనిషికి నెలంతటికీ ఇది చాలునని తలచిన వారు ఏ బజారులో సరుకులు కొంటున్నారు?

పరిరక్షకులే ఉపేక్షకులైన ఈ వ్యవస్థను ఇక ఉపేక్షించరాదు. శ్రామిక ప్రతినిధులను చందాదారులే ఓటుతో ఎన్నుకునేలా చట్టాన్ని సవరించాలి. చందా ఎగవేసిన యాజమాన్యాల పేర్లను ప్రతి నెలా తెలుగులో, ఆయా కర్మాగారాల గేటు వద్దనే, రాజమహేంద్రవరం ప్రాంతీయ కార్యాలయం ప్రకటించాలి. గోదావరి జిల్లాల నుంచి గెలిచి వెళ్లిన పార్లమెంటు సభ్యులు వచ్చే సమావేశాల్లోనే ఈ రెండింటినీ సభలో పట్టుబట్టి అడగాలి; అడిగారో లేదో ఓటేసిన కార్మిక కుటుంబాలు కనిపెట్టి ఉండాలి.