పక్క గదిలో ప్రింటర్‌కి వాట్సాప్ ఎందుకు బాస్?

బెడ్‌రూమ్‌లో ల్యాప్‌టాప్, హాల్లో ప్రింటర్ తగిలించిన డెస్క్‌టాప్. మధ్యలో ఒక్క గోడ. ఆ గోడ దాటించడానికి మనలో చాలామంది ఆధార్ పీడీఎఫ్‌ని వాట్సాప్‌లో మనకి మనమే పంపుకుంటాం, లేదా డ్రైవ్‌లో పడేస్తాం. రెండు మెషిన్లూ ఒకే రౌటర్ కింద ఉంటాయి, ఫైల్ మాత్రం ఎక్కడో ఉన్న సర్వర్ దాకా వెళ్లి వెనక్కొస్తుంది. చిన్న పీడీఎఫ్ అయితే తెలీదు. 4 జీబీ పెళ్లి వీడియో అనుకోండి, 40 ఎంబీపీఎస్ ప్లాన్‌లో ఎక్కడానికి 13 నిమిషాల పైనే, దిగడానికి మళ్లీ అంతే. అదే రెండు కంప్యూటర్లూ కేబుల్‌తో గిగాబిట్ రౌటర్‌కి కలిపి ఉంటే నిమిషం లోపే అయిపోతుంది. నెట్ ప్యాక్ అయిపోయినా అవుతుంది!

మరి ఎందుకు ఎవరూ వాడట్లేదు? జనం బద్ధకం అని కొట్టిపారేస్తారు గానీ, నా ఉద్దేశంలో తప్పు ఎక్కువగా మైక్రోసాఫ్ట్‌దే. 2009లో విండోస్ 7తో హోమ్‌గ్రూప్ అని ఒకటి ఇచ్చారు. ఒక పాస్‌వర్డ్ కొడితే ఇంట్లో కంప్యూటర్ల ఫోల్డర్లు, ప్రింటర్లు కలిసిపోయేవి. 2018లో విండోస్ 10 అప్‌డేట్‌లో దాన్ని తీసేశారు. దాని బదులు వన్‌డ్రైవ్ వాడుకోమన్నారు. అంటే, పక్క గదికి వెళ్లడానికి మళ్లీ క్లౌడే అన్నమాట.

అలాగని పాత పద్ధతి బంగారం అని కూడా అనను. విండోస్‌లో ఫైల్ షేరింగ్ నడిచేది ఎస్‌ఎంబీ అనే ప్రోటోకాల్ మీద. దాని మొదటి వెర్షన్ 1980ల నాటిది. 2017 మేలో వన్నాక్రై ప్రపంచమంతా పాకింది అందులో ఉన్న లోపం పట్టుకునే. మన ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లు కూడా కొన్ని దెబ్బతిన్నాయి. ప్యాచ్ అంతకు రెండు నెలల ముందే, మార్చిలోనే వచ్చింది. వేసుకోనివాళ్లు దొరికిపోయారు. ఆ ఏడాది చివర్లో వచ్చిన విండోస్ 10 అప్‌డేట్ నుంచి కొత్త ఇన్‌స్టాలేషన్లలో ఎస్‌ఎంబీ 1 ఉండట్లేదు. విండోస్ 11 ప్రోలో అయితే 24హెచ్2 నుంచి పాస్‌వర్డ్ లేని గెస్ట్ లాగిన్‌నే ఆపేశారు. రౌటర్‌కి గుచ్చిన హార్డ్ డిస్క్ అప్‌డేట్ తర్వాత ఓపెన్ అవ్వట్లేదంటే ముందు అనుమానించాల్సింది దీన్నే.

ఈ తాళాలు వేయడం కరెక్టే. తాళం వేసి, తాళంచెవి ఎక్కడుందో చెప్పకపోవడమే తప్పు. ఆ గ్యాప్‌లోకి యూట్యూబ్ వచ్చింది. "పాస్‌వర్డ్ ప్రొటెక్షన్ ఆఫ్ చేయండి, ఎవ్రీవన్‌కి ఫుల్ కంట్రోల్ ఇవ్వండి, ఎస్‌ఎంబీ 1 ఆన్ చేయండి, రీస్టార్ట్". పని చేస్తుంది, నిజమే. ఇంటి తలుపు ఊడదీస్తే గాలి కూడా బానే వస్తుంది.

అసలు చిక్కు చాలాసార్లు చాలా చిన్నది. పక్క కంప్యూటర్ యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ అడుగుతుంది. మనం రోజూ కొట్టే పిన్ కొడతాం. ఎర్రర్. మళ్లీ కొడతాం, మళ్లీ ఎర్రర్. పిన్ ఆ ఒక్క మెషిన్‌కే పనికొస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. కావాల్సింది అకౌంట్ పాస్‌వర్డ్. నన్నడిగితే అది కూడా ఇవ్వకండి. ఫైళ్లున్న కంప్యూటర్‌లో షేరింగ్ కోసమే అడ్మిన్ కాని ఒక లోకల్ యూజర్‌ని చేసి, పాస్‌వర్డ్ పెట్టి, ఒకే ఒక్క ఫోల్డర్ ఆ యూజర్‌కి ఇవ్వండి. సీ డ్రైవ్ మొత్తం ఎప్పుడూ వద్దు. నాన్నగారి ఫోన్‌లో వీఎల్‌సీ పెడితే ఆ ఫోల్డర్‌లో సినిమా డైరెక్ట్‌గా ప్లే అవుతుంది. ఐఫోన్ అయితే ఫైల్స్ యాప్‌లోనే ఆప్షన్ ఉంది.

ప్రింటర్ విషయంలో నా మాట వేరు. కంప్యూటర్‌కి యూఎస్‌బీతో తగిలించి, అక్కడి నుంచి షేర్ చేయడం ఇక మానేయొచ్చు. ప్రింట్ కావాలంటే ఆ కంప్యూటర్ ఆన్‌లో ఉండాలి, పైగా 2021లో ప్రింట్‌నైట్‌మేర్ బయటపడ్డాక వచ్చిన ప్యాచ్‌లతో చాలామందికి షేర్డ్ ప్రింటర్లు మొరాయించాయి. కొత్తది కొంటే వైఫైతో పాటు ఎయిర్‌ప్రింట్, మోప్రియా సపోర్ట్ ఉందో లేదో చూడండి, డ్రైవర్ గొడవే ఉండదు. పాత యూఎస్‌బీ ప్రింటర్ బానే పనిచేస్తుంటే పారేయక్కర్లేదు. మూలన పడున్న ల్యాప్‌టాప్ మీదో, రాస్‌బెర్రీ పై మీదో లినక్స్, కప్స్ వేస్తే చాలా మోడల్స్ నెట్‌వర్క్ ప్రింటర్లు అయిపోతాయి. కొనేముందు మీ మోడల్‌కి లినక్స్ డ్రైవర్ ఉందో లేదో చూసుకోండి.

రివ్యూలు రాసేవాళ్లకి ఒక రిక్వెస్ట్. నిమిషానికి ఎన్ని పేజీలు, ఇంక్ ఎంత, అన్నీ రాస్తున్నాం. రౌటర్ నుంచి ఫైబర్ కేబుల్ పీకేసి ప్రింట్ ఇచ్చి చూడండి. యాప్‌లో లాగిన్, క్లౌడ్ అకౌంట్ లేకపోతే పేజీ కదలని ప్రింటర్ అయితే, ఆ ముక్క రివ్యూ మొదటి లైన్‌లోనే రాయాలి.

ఇంకోటి, పీజీలో ఉండేవాళ్లకి. విండోస్ "ప్రైవేట్ నెట్‌వర్కా, పబ్లికా" అని అడిగితే, యాభై మంది వాడే వైఫైకి ప్రైవేట్ అని పెట్టకండి. అది మీ ఇల్లు కాదు, షేరింగ్ ఆన్‌లో ఉంటే పై ఫ్లోర్ వాడికి మీ కంప్యూటర్ పేరు కనిపిస్తుంది. అక్కడ ఫైల్ పంపాలంటే క్విక్ షేర్ చాలు. విండోస్‌కి కూడా ఉంది, ఫోన్ నుంచి ల్యాప్‌టాప్‌కి నేరుగా వచ్చేస్తుంది.