రంగు పోయాక సాక్ష్యం ఎవరు చెప్తారు?

సుల్తానాబాద్ పేరు చెప్తే బియ్యం మిల్లులు గుర్తొస్తాయి. మిల్లున్న చోట ఊక ఉంటుంది. ఆ ఊకతో యాక్టివేటెడ్ కార్బన్ తయారుచేసి, అద్దకం యూనిట్లు వదిలే నీళ్ళలోని రంగును తీసేయవచ్చని రసాయన శాస్త్రజ్ఞులు చాలా ఏళ్ళుగా చెప్తున్నారు. ఇదే పాత కరీంనగర్ జిల్లాలో, మానేరు ఎగువన సిరిసిల్ల ఉంది. అక్కడ మరమగ్గాలున్నాయి, అద్దకం యూనిట్లున్నాయి. సిరిసిల్ల రంగు సుల్తానాబాద్ దాకా వస్తుందని నేననడం లేదు. మధ్యలో రెండు జలాశయాలున్నాయి. నేననేది ఇంతే: ఒక ఊరి ఊక ఇంకో ఊరి మురికిని కడగగలిగితే మంచిదే. కానీ స్త్రీల వైపు నుంచి చూస్తే ఈ మంచిలో ఒక చిక్కుంది.

ముందు పద్ధతి ఏమిటో చూద్దాం. ఊకను గాలి తగలకుండా కాల్చి బొగ్గు చేసి, ఆవిరితోనో ఫాస్ఫారిక్ ఆమ్లం వంటి రసాయనంతోనో శుద్ధి చేస్తే అందులో కంటికి కనపడని రంధ్రాలు లెక్కలేనన్ని ఏర్పడతాయి. మంచి కార్బన్ ఒక్క గ్రాములో ఉండే లోపలి ఉపరితలం 500 నుంచి 1,000 చదరపు మీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ. రంగు అణువులు దానికి అంటుకుపోతాయి. ఊకలో సిలికా ఎక్కువ కాబట్టి క్షారంతో దాన్ని తీసేస్తే రంధ్రాలు ఇంకా తెరుచుకుంటాయి. అయితే రంగులన్నీ ఒకటి కావు. నైట్రిక్ ఆమ్లంతో మార్చిన కార్బన్ ధనావేశమున్న రంగులను బాగా లాగుతుంది. నూలుకు వాడే రియాక్టివ్ రంగులది రుణావేశం. వాటికి అమీన్ల వంటి వాటితో మార్చిన కార్బన్ కావాలి. ఏ రంగుకు ఏ కార్బనో తెలియకుండా బస్తాలు పోస్తే పని జరగదు.

ఇక చిక్కు సంగతి. రియాక్టివ్ రంగు నూలుకు పట్టాలంటే అద్దకం తొట్టిలో లీటరుకు 30 నుంచి 100 గ్రాముల దాకా ఉప్పు వేస్తారు. ఈ ఉప్పు గుడ్డకు పట్టదు, నీళ్ళతోపాటు బయటికి వస్తుంది. కార్బన్ రంగును పట్టుకుంటుంది గాని ఉప్పును పట్టుకోదు. అంటే తేటగా కనిపించే నీళ్ళు బావిని ఉప్పగా మార్చగలవు, పొలాన్ని చవుడు చేయగలవు.

కొన్ని రంగులు లీటరు నీళ్ళలో ఒక్క మిల్లీగ్రామున్నా కంటికి తెలుస్తాయి. ప్రయోగశాల లేని, మీటరు లేని స్త్రీ చేతిలో ఉన్న సాక్ష్యం ఆ రంగే. బిందె ముంచితే నీళ్ళు ఎర్రగా వచ్చాయంటే పదిమందిని పిలిచి చూపించగలదు, పంచాయితీలో పెట్టి నిలదీయగలదు. రంగు తీసేసి ఉప్పును వదిలితే ఆ ఒక్క సాక్ష్యమూ పోతుంది. "నీళ్ళు తేటగానే ఉన్నాయి కదమ్మా" అంటే ఆమె ఏం జవాబు చెప్తుంది?

తిరుప్పూరులో జరిగింది ఇదే. అక్కడ 1990ల చివర ఉమ్మడి శుద్ధి కేంద్రాలు కట్టారు. రంగు తగ్గింది, ఉప్పు తగ్గలేదు. నొయ్యల్ నది కింది రైతులు కోర్టుకెక్కారు. చివరికి 2011 జనవరిలో మద్రాసు హైకోర్టు వందలాది అద్దకం యూనిట్లను మూయించింది. అప్పుడు కూలి పోయింది పనివాళ్ళకు.

రంగు తీయొద్దని నా వాదన కాదు. కొన్ని అజో రంగులు విడిపోయి క్యాన్సర్ కలిగించే అమీన్లవుతాయి. 1997లో కేంద్ర ప్రభుత్వం అటువంటి అజో రంగులను నిషేధించింది కూడా. రంగు తీయాల్సిందే. తీస్తున్నప్పుడు, ఆ కంటి సాక్ష్యానికి బదులు తెలుసుకునే హక్కును మన చేతిలో పెట్టాలి. తాగే నీళ్ళు నల్లాల్లో వస్తున్నాయి కదా అనవచ్చు. పశువులు తాగే నీళ్ళు, నాటు వేసేటప్పుడు మోకాళ్ళ దాకా దిగే నీళ్ళు నల్లాలోంచి రావు.

రెండో చిక్కు వాడేసిన కార్బన్. రంగు మాయం కాలేదు, నీళ్ళలోంచి బొగ్గులోకి చేరింది. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నియమాల పట్టికలో వాడిన కార్బన్ కూడా ఉంది. దాన్ని ఎత్తి బస్తాల్లో నింపేదెవరు? ఊడ్చే పని, ఎత్తిపోసే పని, అతి తక్కువ కూలి పని మన సమాజంలో ఎవరికి దక్కుతుందో చెప్పక్కర్లేదు. ఇంకో ప్రమాదం కూడా ఉంది. "చవకైన కుటీర పరిశ్రమ" పేరుతో ఊక కాల్చడం, ఆమ్లంతో కడగడం మహిళా సంఘాలకు అప్పజెప్పవచ్చు. పని ఇంటికొస్తే ఏమవుతుందో బీడీలు చుట్టే మన జిల్లా స్త్రీలకు తెలుసు. పొగాకు దుమ్ము వంటింట్లోకి వచ్చింది, లాభం బయటికి పోయింది.

చిన్న యూనిట్లు ఇంత ఖర్చు భరించలేవంటారు. నిజమే కావచ్చు. దానికి ప్రభుత్వ సాయంతో ఉమ్మడి శుద్ధి కేంద్రం దారి. ఊరి మీద, ఆడవాళ్ళ మీద ఆ ఖర్చు వేయడం దారి కాదు. కండెలు చుట్టే స్త్రీని కూలి కావాలా, నీళ్ళు కావాలా అని అడగడం అన్యాయం.

చట్టం మన వైపే ఉంది. కాలుష్యం లేని నీరు జీవించే హక్కులో భాగమని 1991లో సుభాష్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు అన్నది. 1999లో హైదరాబాద్ జంట జలాశయాల కేసులో, హాని లేదని రుజువు చేయాల్సిన బాధ్యత పరిశ్రమ పెట్టేవాళ్ళదేనన్నది. అంటే హాని ఉందని మనం బిందె పట్టుకుని నిరూపించాల్సిన పని లేదు.

కాబట్టి మన సంఘాలు అడగాల్సినవి మూడు. శుద్ధి యూనిట్ గేటు లోపలే, యజమాని బాధ్యతగా జరగాలి. రంగుతోపాటు నీళ్ళలో కరిగిన లవణాల లెక్క కూడా ప్రతి నెలా తెలుగులో పంచాయితీ గోడ మీద రాయాలి. వదిలే నీళ్ళకు లీటరుకు 2,100 మిల్లీగ్రాములు, తాగే నీళ్ళకు 500, వేరే దిక్కు లేకపోతే 2,000 అనే హద్దులు పక్కనే ఉండాలి. లవణాలు కొలిచే చిన్న మీటరు మహిళా సంఘానికి ఇవ్వాలి, వాడటం నేర్పాలి. వాడిన కార్బన్ పనికి చేతి తొడుగులు, ముఖానికి మాస్కు, సరైన కూలి ఉండాలి, ఆ పని ఏ ఇంటి వాకిట్లోకీ రాకూడదు. ఇవి ఒప్పుకున్నాకే సుల్తానాబాద్ ఊక బండి కదలాలి.