ఓడకు లెక్కుంది, ఒడ్డుకేదీ?

గాలపాగోస్ దీవుల్లో అడుగుపెట్టే విదేశీయుల ప్రవేశ రుసుమును ఈక్వెడార్ ప్రభుత్వం 2024 ఆగస్టు 1న వంద డాలర్ల నుంచి రెండు వందలకు పెంచింది. అప్పటి నుంచి పర్యావరణ రాతల్లో రెండు మాటలు జంటగా వినిపిస్తున్నాయి. రుసుము పెంపు గొప్ప సంస్కరణ అన్నది మొదటిది. దీవులకు అసలు బెడద ఓడల్లో తిరిగే పర్యాటకులేనని, బాధ్యత తెలిసినవారు క్రూయిజ్ మానేసి దీవి మీదే ఏదో చిన్న హోటల్లో దిగాలని రెండోది. రెండూ తప్పే. రెండో మాట వల్ల జరిగే హాని ఇంకా ఎక్కువ, ఎందుకంటే దాన్ని ప్రకృతి మీద నిజమైన ప్రేమ ఉన్నవాళ్లు చెబుతున్నారు, వినేవాళ్లు నమ్మి పాటిస్తున్నారు.

ఈక్వెడార్ రాజధాని క్విటోలోని పాతనగరం మూడు నాలుగు రోజులు తీరిగ్గా చూసి, విమానంలో దీవులకు చేరి, వారం పాటు చిన్న ఓడలో ఉండి వెనక్కి వచ్చేయడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. ఇది ముసలివాళ్ల ప్యాకేజీ, డబ్బున్నవాళ్ల సరదా అని దాన్ని కొట్టిపారేస్తున్నారు. నా దృష్టిలో మాత్రం ఆ దీవులను చూడటానికి ఇవాళ ఉన్న మార్గాల్లో తక్కువ హాని చేసేది అదే. ఇలా అనడానికి నాకు ఒక్క లెక్క చాలు. ఆ లెక్కను పట్టించుకోకుండా గాలపాగోస్ గురించి పేజీలకు పేజీలు ఎలా రాయగలుగుతున్నారో నాకు అర్థం కాదు.

2007లో దీవులకు వచ్చినవారిలో ఓడల్లో బస చేసినవారు దాదాపు 82 వేలు, ఒడ్డు మీద హోటళ్లలో బస చేసినవారు దాదాపు 79 వేలు. సుమారు పదేళ్లు తిరిగేసరికి ఓడల్లో ఉన్నవారు 73 వేలకు తగ్గారు. ఒడ్డున దిగినవారు 1,52,000 అయ్యారు. ఒకవైపు 11 శాతం తగ్గుదల, మరోవైపు 92 శాతం పెరుగుదల. ఆ కాలంలో గాలపాగోస్‌కు పెరిగిన తాకిడి మొత్తం ఒడ్డు మీదిదే. ఓడల వల్ల పెరిగింది ఒక్క మనిషి కూడా కాదు.

దీనికి కారణం చట్టం. ఓడల్లో పడకల సంఖ్య మీద అక్కడ కట్టడి ఉంది. వంద మంది ప్రయాణికులకు మించిన ఓడను తిరగనివ్వరు. అన్ని ఓడల్లోనూ కలిపి పడకలు రెండు వేల లోపే ఉంటాయి. ఇంకో పర్యాటకుడు వస్తానన్నా ఇంకో పడక పుట్టదు. 2012 నుంచి ఓడలు పదిహేను రోజుల చుట్టు ప్రకారం నడవాలి, ఆ చుట్టులో ఒకే చోటికి రెండోసారి వెళ్లకూడదన్నది సాధారణ నియమం. ఏ రోజు ఏ తీరానికి ఏ పూట చేరాలో జాతీయ పార్కు అధికారులే నిర్ణయిస్తారు.

ఓడ దిగినవాళ్లు అక్కడ ఏం చేస్తారో దగ్గరగా చూస్తే ఈ కట్టడి విలువ తెలుస్తుంది. పెద్ద ఓడ దూరంగా ఆగుతుంది. రబ్బరు పడవలో తీరానికి వస్తారు. చాలాచోట్ల రేవు ఉండదు, మోకాలి లోతు నీళ్లలో దిగి నడవాలి. పదహారు మందికి మించకుండా ఒక గైడు ఉంటాడు. ఆ గైడుకు పార్కు ఇచ్చిన లైసెన్సు ఉంటుంది. నడిచే దారికి ఇరువైపులా చిన్న గుంజలు పాతి ఉంటాయి, వాటిని దాటి కాలు పెట్టకూడదు. జంతువుకు రెండు మీటర్ల దూరంలో ఆగాలి. నీలికాళ్ల బూబీ పక్షి దారి మధ్యలోనే గుడ్లు పొదుగుతుంటే మనుషులే పక్కకు తప్పుకుంటారు. తినేది, తాగేది, పారేసేది అంతా ఓడలోనే. చీకటి పడేలోగా దీవి ఖాళీ అయిపోతుంది, రాత్రి అక్కడ మనిషన్నవాడు ఉండడు.

ఇప్పుడు ఒడ్డు సంగతి. దీవుల నేలలో దాదాపు 97 శాతం జాతీయ పార్కు. మిగిలిన మూడు శాతంలో, నాలుగు దీవుల మీద 2022 జనాభా లెక్కల ప్రకారం 28 వేల పైచిలుకు మనుషులు ఉంటున్నారు. 2023లో వచ్చిన పర్యాటకులు దాదాపు 3,29,000 మంది. ఓడల్లో చోటు పెరగలేదు కాబట్టి వారిలో అత్యధికులు దిగింది ఈ మూడు శాతం నేల మీదే. శాంటా క్రూజ్ దీవిలో ప్యూర్టో అయోరా ఊరు ఎంత పెరిగిందో, దాని కష్టాలూ అంతే పెరిగాయి. అక్కడ కుళాయి నీళ్లు తాగడానికి పనికిరావు, ఉప్పగా ఉంటాయి. మురుగునీటి శుద్ధి ఊరి పెరుగుదలను అందుకోలేకపోయింది. కరెంటు ఎక్కువ భాగం డీజిల్ నుంచే వస్తుంది. ఆ డీజిలూ బియ్యమూ సిమెంటూ కోడిమాంసమూ అన్నీ వెయ్యి కిలోమీటర్ల దూరంలోని ప్రధాన భూభాగం నుంచి సరుకు ఓడల్లో, విమానాల్లో వస్తాయి.

ఆ సరుకుతోనే అసలు ముప్పు వస్తుంది. ఫిలోర్నిస్ డౌన్సీ అనే ఈగ మనుషుల రాకపోకలతోనే ఆ దీవులకు చేరింది. దాని పురుగులు గూళ్లలో చేరి ఫించ్ పక్షుల పిల్లల రక్తం తాగుతాయి. డార్విన్ పేరుతో ప్రపంచానికి పరిచయమైన ఆ ఫించ్ పక్షుల్లో మడ అడవుల రకం ఇప్పుడు వంద దాకా మాత్రమే మిగిలింది. జామ, ముళ్ల బెర్రీ, సింకోనా చెట్లు కొండలను కమ్మేశాయి. మేకల బెడద తప్పించడానికి 1997 నుంచి 2006 దాకా నడిచిన ఇసబెలా ప్రాజెక్టులో లక్షకు పైగా మేకలను చంపాల్సి వచ్చింది. ఒక్క జాతిని వెనక్కి తోలడానికి దాదాపు పదేళ్లు పట్టింది. కొత్తగా వచ్చే ప్రతి కంటెయినరూ అలాంటి ఇంకో పదేళ్ల పనిని మోసుకురావచ్చు. ఓడలో ఉన్న యాత్రికుడికీ తిండి కావాలి, కాదనను. కానీ అతని కోసం దీవి మీద కొత్త గది కట్టనక్కర్లేదు, కొత్త కరెంటు తీగ లాగనక్కర్లేదు, ఆ గది ఊడ్చడానికి ప్రధాన భూభాగం నుంచి కొత్త కుటుంబం వలస రానక్కర్లేదు.

ఇక రుసుము. వంద డాలర్లన్నది 1998 నాటి ప్రత్యేక చట్టం కాలపు ధర. ఇరవై ఆరేళ్లు దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఈలోగా డాలర్ విలువ పడిపోయింది. నాటి వంద డాలర్లు ఇప్పటి లెక్కలో దాదాపు 190. అంటే ప్రభుత్వం చేసిన పని పెంపు కానేకాదు, ధరను పాతచోటికి తీసుకొచ్చింది, అంతే. 1998 నాటి వంద డాలర్ల ధర ఎవరినీ ఆపలేదని తర్వాతి జనసంద్రమే సాక్ష్యం. అదే విలువగల రుసుము ఇప్పుడు ఆపుతుందని ఎలా నమ్మాలి? అమెరికా నుంచి, ఐరోపా నుంచి వేల డాలర్లు పెట్టి వచ్చేవాడికి ఇంకో వంద ఒక పూట భోజనం ఖర్చులాంటిది. స్వదేశీయుల రుసుము మాత్రం ఆరు డాలర్ల నుంచి ముప్పైకి పెరిగింది. తన దేశపు దీవులను పిల్లలకు చూపించాలనుకునే క్విటో బడిపంతులుకు ఆ తేడా గట్టిగానే తగులుతుంది. ధరతో వడపోస్తే మిగిలేది డబ్బున్నవాళ్లే. సంఖ్యతో వడపోయండి, అందులో స్వదేశీయులకు వాటా కేటాయించండి. దీవులూ మిగులుతాయి, న్యాయమూ మిగులుతుంది.

ఓడల మీద వచ్చే విమర్శల్లో నిజం లేకపోలేదు. 2001 జనవరిలో శాన్ క్రిస్టొబాల్ దగ్గర ఒడ్డెక్కి పగిలిన ‘జెస్సికా’ నౌకలో దీవుల అవసరాలకు డీజిలే కాదు, ఒక పర్యాటక ఓడ కోసం తెచ్చిన ఇంధనం కూడా ఉంది. అది సముద్రంలో ఒలికిన తర్వాతి ఏడాదిలో శాంటా ఫే దీవిలో సముద్రపు ఇగ్వానాలు 60 శాతానికి పైగా చచ్చిపోయాయి. ఓడ పర్మిట్లు కొద్దిమంది చేతుల్లో ఉన్నాయన్నదీ, లాభం చాలావరకు దీవుల బయటికి పోతోందన్నదీ నిజమే. ప్యూర్టో అయోరాలో గది అద్దెకిచ్చే కుటుంబానికి ఓడ యాత్రికుడి జేబులోంచి పెద్దగా ఏమీ రాదు. దానికి మందు పర్మిట్లను స్థానికులకు పంచడం, ఓడల లాభం మీద పన్ను వేసి ఊరి నీళ్లకూ మురుగుకాలువలకూ పెట్టడం. ఓడలను మానేసి, పరిమితి లేని ఒడ్డు మీదికి జనాన్ని తోలడం మందు కాదు. మళ్లీ ఆ లెక్కకే వస్తాను: 82 వేలు 73 వేలయింది, 79 వేలు 1,52,000 అయింది. ఇది తెలిసీ ‘ఓడ ఎక్కకండి, ఒడ్డున ఉండండి’ అని రాయడం ఎంతవరకు సబబు?

ఈ చర్చలో క్విటోను అందరూ మర్చిపోతున్నారు. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. 1978లో యునెస్కో మొట్టమొదటి ప్రపంచ వారసత్వ జాబితా ప్రకటించినప్పుడు అందులో ఉన్నవి పన్నెండే పన్నెండు. వాటిలో రెండు ఈక్వెడార్‌వి: గాలపాగోస్, క్విటో. ఒక చిన్న దేశానికి దక్కిన ఆ జంట గౌరవంలో ఒకదాన్ని జనం తొక్కేస్తుంటే, రెండోది జనం కోసం ఎదురుచూస్తోంది. 2,850 మీటర్ల ఎత్తున, పిచించా అగ్నిపర్వతం ఒడిలో ఉన్న ఆ పాతనగరం లాటిన్ అమెరికాలో అతి తక్కువ మార్పులతో మిగిలినదని పేరు. 1605లో మొదలై నూట అరవై ఏళ్లు కట్టిన లా కంపానియా చర్చిలో గోడలూ కప్పూ బంగారు రేకుతో నిండి ఉంటాయి. శాన్ ఫ్రాన్సిస్కో చౌకు కింద 2023 డిసెంబరు నుంచి మెట్రో నడుస్తోంది.

అన్నిటికన్నా నాకు ముఖ్యం అనిపించేది కొండ మీది బసీలికా. ఐరోపా గోతిక్ చర్చిల్లో వాననీరు జారే రాతి తూములను దయ్యాల ముఖాలతో చెక్కుతారు. క్విటో శిల్పులు ఆ చోట తమ దేశపు జంతువులను చెక్కారు. తాబేళ్లు, ఇగ్వానాలు, ఆర్మడిల్లోలు మెడలు చాచి వీధుల వైపు చూస్తుంటాయి. ఆ రాతి తాబేలును చూసినవాడికి నాలుగు రోజుల తర్వాత దీవి మీద కనిపించే తాబేలు కేవలం ఫొటో కాదు, ఒక దేశం తన గుడి మీద చెక్కుకున్న జీవి. నగరాన్నీ దీవులనూ కలిపి చూడాలనడంలో నా ఉద్దేశం అది కూడా.

లెక్క ప్రకారం చూసినా అంతే. లక్షలమంది నివసించే క్విటోలో ఇంకో పది వేల మంది మూడు రాత్రులు ఉంటే కొత్త నేల తవ్వక్కర్లేదు, హోటళ్లూ నీళ్లూ మెట్రో ఇప్పటికే ఉన్నాయి. పాతనగరంలో నివాసముండే జనం దశాబ్దాలుగా తగ్గుతూ వస్తున్నారు. 2024 జనవరిలో దేశంలో ‘అంతర్గత సాయుధ సంఘర్షణ’ ప్రకటించాక కొందరు పర్యాటకులు భయంతో విమానాశ్రయం నుంచే దీవులకు వెళ్లిపోయారు. ఆ రాత్రులను నగరం పోగొట్టుకుంది. యాత్రికుడి పది రోజుల్లో మూడు నాలుగు క్విటోకు, మిగతావి ఓడకు మళ్లించే విధానం పెట్టుకుంటే ఒకే దెబ్బకు నగరం నిలబడుతుంది, ఒడ్డు ఊపిరి పీల్చుకుంటుంది. దీన్ని ప్రోత్సహించాల్సింది పోయి ‘ప్యాకేజీ టూరిజం’ అని ఈసడించడం నాకు ఒళ్లు మండిస్తుంది.

మనకెందుకు ఈ గొడవ అనుకోవద్దు. విశాఖ నుంచి ఓడలు వెళ్లే అండమాన్‌లో తెలుగువాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. అక్కడా చారిత్రక నగరం, పక్కనే వన్యప్రాణుల దీవులు ఉన్నాయి. సెల్యులార్ జైలు చూసి వండూరు నుంచి పడవెక్కితే జాలీ బాయ్ దీవి వస్తుంది. పడవెక్కేముందే సంచులు తనిఖీ చేసి ప్లాస్టిక్‌ను ఆపేస్తారు. జాలీ బాయ్, రెడ్ స్కిన్ దీవులను ఏడాదిలో చెరికొన్ని నెలలు మాత్రమే తెరుస్తారు, ఒకటి తెరిచినప్పుడు రెండోదానికి విశ్రాంతినిస్తారు. రాత్రి బస లేదు. అందుకే అక్కడి పగడాలకు ఇంకా ఆశ ఉంది. హేవ్‌లాక్‌లో, అంటే ఇప్పటి స్వరాజ్ ద్వీప్‌లో, రిసార్టులు తీరం పొడవునా పెరిగాయి. పడవకు లెక్క పెట్టినచోట ఒకలా, పడకకు లెక్క పెట్టనిచోట మరోలా ఉండటం మన కళ్లెదుటే ఉంది.

గాలపాగోస్‌ను యునెస్కో 2007లో ప్రమాదంలో ఉన్న స్థలాల జాబితాలో చేర్చింది. 2010లో తీసేసింది. తీసేశాక కూడా ఒడ్డు మీది సంఖ్య పెరుగుతూ పోయింది. ఓడల్లో పడకలను పట్టుమని రెండు వేలు దాటనివ్వని ప్రభుత్వానికి హోటల్ పడకలను లెక్కించడం చేతకాదా? అనుమతి లేకుండా అద్దెకిస్తున్న గదులను మూయించడం చేతకాదా? రోజుకు ఎన్ని విమానాల్లో ఎంతమంది దిగుతున్నారో బాల్ట్రా విమానాశ్రయంలో రాసి ఉంటుంది. ఆ అంకెకు పైన గీత గీయడానికి కొత్త చట్టమూ అక్కర్లేదు, కొత్త శాస్త్రమూ అక్కర్లేదు. చేయకపోవడానికి కారణం ఒక్కటే: ప్రతి విమాన సీటు వెనుకా, ప్రతి హోటల్ గది వెనుకా ఓటున్న మనిషి ఉన్నాడు, ఇగ్వానాకు ఓటు లేదు. రుసుము పెంచి సంస్కరణ చేశామని చెప్పుకోవడం ఆ భయాన్ని కప్పిపెట్టడానికే. ఇంకోసారి రుసుము పెంచే ముందు ఈక్వెడార్ ప్రభుత్వం ఒడ్డు మీద రాత్రికి ఎన్ని పడకలుండాలో అంకె ప్రకటించాలి. ఆ అంకె వచ్చేదాకా, ఓడ మానేసి ఒడ్డున దిగమని సలహా ఇచ్చేవాళ్లు ఆ రాతలు ఆపాలి.