కోఫా కొండలు నేర్పే పాఠం

వన్యప్రాణి సంరక్షణ ప్రభుత్వాల బాధ్యత అనీ, అందులో విద్యార్థులకు పాత్ర లేదనీ చాలామంది భావిస్తారు. ఈ భావన సరికాదని అమెరికాలోని అరిజోనా రాష్ట్రానికి చెందిన కోఫా పర్వతప్రాంత చరిత్ర నిరూపిస్తున్నది.

ఎడారి నడుమ నిటారుగా నిలిచిన ఆ రాతికొండలు బిగ్‌హార్న్ అనే అడవి గొర్రెలకు నివాసం. వాటి పొట్టేళ్ల కొమ్ములు వెనుకకు వంగి సుడి తిరిగి ఉంటాయి. వేట వలన, పెంపుడు గొర్రెల నుండి సోకిన వ్యాధుల వలన ఈ జాతి క్రమంగా క్షీణించింది. 1936లో మేజర్ ఫ్రెడరిక్ బర్న్‌హామ్ ప్రోత్సాహంతో అరిజోనా బాయ్ స్కౌట్లు వీటి రక్షణకై ఉద్యమించారు. పాఠశాలల్లో చిత్రలేఖన పోటీలు జరిగాయి. సభల్లోనూ, రేడియోలోనూ ప్రసంగాలు సాగాయి. ప్రకృతి పరిరక్షణ సంఘాలు ఆ బాలురకు అండగా నిలిచాయి. ఫలితంగా 1939 జనవరిలో కోఫా, కబేజా ప్రియేటా ప్రాంతాలలో 15 లక్షల ఎకరాలకు పైగా భూమి వన్యప్రాణులకు దక్కింది.

అయితే, హద్దులు నిర్ణయించినంత మాత్రాన రక్షణ పూర్తి కాదు. 2000లో కోఫాలో సుమారు 800 ఉన్న గొర్రెలు 2006 నాటికి 400 లోపునకు తగ్గాయి. కరవు ఒక కారణమన్నారు. కొండసింహమని పిలిచే ప్యూమా మరొక కారణమన్నారు. ప్యూమాలను తొలగించాలని కొందరు, అవి కూడా ఆ కొండల బిడ్డలేనని మరికొందరు వాదించారు. గొర్రెల కోసం అధికారులు రెండు నీటితొట్లు నిర్మించారు. కానీ చట్టం ప్రకారం అక్కడ కట్టడాలు నిషిద్ధం. వాటి అవసరాన్ని అధికారులు తగినంతగా నిరూపించలేదని 2010లో న్యాయస్థానం తీర్పు చెప్పింది.

ఆ తీర్పు గొర్రెలకు వ్యతిరేకమని నేను భావించను. ఒక ప్రాణిపై గల ప్రేమతో తక్కిన ప్రకృతిని మరువరాదన్నదే దాని సారాంశం. దప్పిగొన్న జీవికి నీరందించడం ధర్మమే. కానీ కొరత నిజంగా నీటిదేనా అని ముందుగా పరిశీలించడం వివేకం.

కాబట్టి విద్యార్థులారా! ఉద్యమించే ఉత్సాహం సంరక్షణకు తొలిమెట్టు మాత్రమే. లెక్కించడం, పరిశీలించడం, కారణం అడగడం ఆ తరువాతి మెట్లు. తొలిమెట్టును ఆనాటి బాలురు ఎక్కి చూపించారు. తక్కిన మెట్లు ప్రతి తరమూ ఎక్కవలసినవే.